నదిపై కాలువ

లెక్కల చయనులుగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు అడిగినదానికి జవాబు పలక మీద దొరకదనుకుంటే, చెప్పులు తొడుక్కుని బయటికి నడిచేవారు.

ఆయన దగ్గర క్షేత్రగణితం చదువుకుంటున్న దక్షిణామూర్తికీ, అతని అన్నగారికీ తండ్రి పోయినప్పటి నుంచీ మాటల్లేవు. ఒక తెల్లవారుజామున పాఠం మధ్యలో దక్షిణామూర్తి ఉండబట్టలేక అడిగేశాడు.

"సమాంతరం కాని గీతలు ఎక్కడో ఒకచోట కలుస్తాయన్నారు. మా అన్నయ్యదొక దిక్కు, నాదొక దిక్కు. మేమెప్పుడు కలుస్తామండీ?"

"పలక మీద గీసినవైతే కలిసి తీరతాయి," అంటూ చయనులుగారు చెప్పులు వెతుక్కున్నారు.

ఊరి చివర నదికి అడ్డంగా రాతి కమానులు కట్టి, వాటి నెత్తిన కాలువను పారించారు. ఇద్దరూ అక్కడికి చేరే వేళకి మంచు దట్టంగా పట్టి, కింద నదే కనబడటం లేదు. కాలువలో వస్తున్న కొబ్బరికాయల పడవ తెల్లటి పొగ మీద తేలుతున్నట్టుంది. తానింకా నిద్రలోనే ఉన్నానేమో అనిపించింది దక్షిణామూర్తికి.

పడవ గట్టు పక్కన ఆగింది. అందులోంచి నూకాలు అనే ఆవిడ దిగి, పిట్టగోడ మీంచి వంగి మంచులోకి కేకేసింది.

"ఒరే సింహాద్రీ!"

"ఇక్కడే ఉన్నానే అక్కా!" కింద నదిలోని పడవ నుంచి మగగొంతు పలికింది.

"మా తమ్ముడండి. వేటకి సముద్రంలోకి పోతన్నాడు. మేం పైఊళ్ళకి. మళ్ళీ ఇంత దగ్గరగా రామండి," అంటూ ఆవిడ అన్నం క్యారేజీకి తాడు కట్టి వదిలింది. తాడు నిట్టనిలువుగా మంచులోకి దిగింది. దిగి, ఆవిడ చేతిలో కొస మిగిలింది.

"అందట్లేదే! ఏరు లాగేత్తంది, ఇంక ఆగలేను!"

నూకాలు దిక్కుతోచక అటూ ఇటూ చూసింది. దక్షిణామూర్తి భుజం మీది ఉత్తరీయం తీసి ఆ కొసకి ముడివేశాడు. ఇద్దరూ కలిసి, పొట్టలు గోడకి ఆనించి, వంగగలిగినంత వంగారు. కాసేపటికి తాడు తేలికైపోయింది.

"అందిందే అక్కా! బావనడిగానని చెప్పు!"

ఆ గొంతు సముద్రం వైపు జరిగి జరిగి వినపడకుండా పోయింది. నూకాలు కళ్ళు తుడుచుకుని పడవెక్కింది. అదీ మంచులో కలిసిపోయింది.

దక్షిణామూర్తి గోడ మీంచి మరోసారి కిందికి చూశాడు.

"ఒకరి మొహం ఒకరు చూసుకోనేలేదండీ వాళ్ళు," అన్నాడు.

"లేదు," అన్నారు చయనులుగారు. "పైన కాలువా, కింద ఏరూ ఎక్కడా కలవవు. అన్నం అందిందిగా."