సరంగు వేషం కట్టిన చిలక

అనగనగా ఒక రాజు, పేరు వీరభల్లటుడు. రాజన్నాక కొడుకులుండాలిగా, ముగ్గురున్నారు. పెద్దవాడు ప్రచండుడు, నడిపివాడు నిశ్చలుడు, చిన్నవాడు సుముఖుడు. ఒరేయ్, కదలకుండా వినండి. మధ్యలో లేచినవాళ్లకు మళ్లీ చెప్పను.

ఏడు సముద్రాల అవతల తామ్రకేశుడని ఒక మాంత్రికుడు. పొరుగు దేశపు రాకుమారి మందారికను ఎత్తుకుపోయి కోటలో పెట్టుకున్నాడు. వాడికి కథలాటంటే పిచ్చి. ఏం ఆటంటారా? ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక వేషం తీసుకుని, "నేనిలా చేస్తాను" అంటారు. అది ఫలిస్తుందో లేదో పాచికలు వేసి చూస్తారు. ఎవరెక్కడున్నా సరే, మాయ అద్దాల ముందు కూర్చుంటే ఒకే చాప మీద ఉన్నట్టే!

వాడు దేశదేశాలకూ అద్దాలు పంపి చాటించాడు. "రాగి గిన్నె మునిగేలోగా ముగిసే కథ తయారుచేసుకుని రండి. ముగిస్తే మందారికను వదిలేస్తా. ముగియలేదా, రాయైపోతారు." అడుగున సన్న చిల్లున్న గిన్నె అది. నీళ్ల మీద వదిలితే జాము పొద్దుకు మునుగుతుంది.

ప్రచండుడు ఆరునెలలు కూర్చుని బ్రహ్మాండమైన కథ కట్టాడు. పద్నాలుగు తరాల రాజులు, వాళ్ల ఏనుగులు, ఏనుగుల పేర్లు! తొమ్మిదో తరం దగ్గరుండగానే గిన్నె బుడుంగుమంది. పెద్దవాడు అద్దం ముందే రాయైపోయాడు.

నిశ్చలుడు అంత పొడుగు కట్టలేదు. దారిలో పూటకూళ్లిల్లు, అడవి, గుహ, రాక్షసుడు, అంతే. కానీ మాంత్రికుడు, "నేను అడవికి పోను. ఈ పూటకూళ్లమ్మ దగ్గర గారెలు తింటూ కూర్చుంటా" అన్నాడు. గారెల దగ్గర ఏం జరుగుతుందో నిశ్చలుడు ఆలోచించుకోలేదాయె! "అడవికి పదండి, మీకు దణ్ణం పెడతాను" అని బతిమాలుతుండగానే గిన్నె బుడుంగుమంది. రెండోవాడూ రాయే.

రాజు బావురుమన్నాడు. "నువ్వైనా మిగులు నాయనా."

"అన్నలను అలా వదిలేస్తే నాకు ముద్ద దిగుతుందా నాన్నగారూ? వాళ్లెక్కడ తప్పారో నేను చూశాను. నా అన్నలను నేను తెచ్చుకుంటాను" అన్నాడు సుముఖుడు. వాడికి భయం లేక కాదర్రా, ప్రేమ ఎక్కువ.

వాడికి మాటలొచ్చిన నేస్తాలు ముగ్గురున్నారు. ముంగిస, తాబేలు, కాకి. సుముఖుడు ఒక కథ అనుకుని ముందు వాళ్లతో ఆడించాడు. పెళ్లివిందుకు వేళయింది, ఉప్పు జాడీ మాయమైంది, అదీ కథ. ముంగిస, "నేను కలుగులో దూరతా" అంది. సుముఖుడు నోరెళ్లబెట్టాడు. రెండోసారి తాబేలు, "నేను వంటింట్లోంచి కదలను" అంది. మూడోసారి కాకి కథలో ఎదురైనవాళ్లందరినీ, "నీకేం కావాలి? నీకేం కావాలి?" అని అడిగి చంపింది.

"ఆహా, ఇదీ కిటుకు!" అని సుముఖుడు కథ ఇలాగే నడవాలని ముందు రాసిన దారులన్నీ చించేశాడు. ఆ కథలో ఎవరికి ఏం కావాలో ఒక తాటాకు మీద రాశాడు. తయారు వేషాలు ఇంకో ఆకు మీద, కథ ఎటు పోయినా చివరికి చేరే రేవు మూడో ఆకు మీద. మూడంటే మూడే ఆకులు.

అప్పుడు కాకి చెవిలో చెప్పింది. "ఆ మాంత్రికుడి ప్రాణం వాడి పక్కనున్న పంజరంలోని చిలకలో ఉంది. చిలక బయటపడితే మాయ పోతుంది. కానీ చిలక తనంతట తాను అడిగితే తప్ప పంజరం తలుపు రాదు. పాపం, నూరేళ్లుగా అది ఎవరో అన్నదే అంటోంది."

సుముఖుడు ఇంకో వేషం రాసుకుని అద్దం ముందు కూర్చున్నాడు. "దొరా, మీరు వంటపెద్ద. రాకుమారి కాపలాదారు. ఆ చిలక పడవ సరంగు."

"చిలక్కి వేషమా!" మాంత్రికుడు పడీపడీ నవ్వాడు. "సరే, కానీ!"

ఆట మొదలైంది. మాంత్రికుడు, "నేను వంటింట్లోంచి కదలను" అన్నాడు.

"కూర్చోండి దొరా. పెళ్లికూతురి అమ్మమ్మే మీ దగ్గరకొచ్చి కళ్లొత్తుకుంటోంది. ఏం చేస్తారు?"

వాడు ముందుకు జరిగాడు. రాకుమారి పాచికలు గలగలలాడించింది. సుముఖుడు చిలకనడిగాడు. "సరంగూ, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తావు, ఏం చేస్తావు" అంది చిలక.

కొంతసేపటికి మళ్లీ అడిగాడు. చిలక మెడ వంచి, "నాకు పడవుందా?" అంది.

"ఉంది. నీదే."

కథలో కాపలాదారైన మందారిక ఆ అమ్మమ్మ వెంట రేవుకు నడిచింది. జాడీ పడవలోనే ఉంది! పెళ్లయితే మనవరాలు వెళ్లిపోతుందని అమ్మమ్మే దాచిందట. మాంత్రికుడి కళ్లు చెమర్చాయి. ఉప్పు దొరికింది, విందు జరిగింది, గిన్నె ఇంకా తేలుతూనే ఉంది.

వాడు గిన్నెను చూశాడు, రాకుమారిని చూశాడు, కాలి బొటనవేలితో గిన్నెను ముంచేశాడు. "మునిగింది! నువ్వూ రాయివే!"

చూశారా వాడి దొంగబుద్ధి! సుముఖుడి పాదాలు రాయయ్యాయి. మోకాళ్లు రాయయ్యాయి. అయినా వాడు ఆట ఆపలేదు. "సరంగు వంతు ఇంకా మిగిలే ఉంది. సరంగూ, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

నడుము రాయైంది. చిలక తలుపు వంక చూసింది.

"ఈ తలుపు తీయండి. నేను వెళ్తాను."

మందారిక చెయ్యి తాకగానే తలుపు వచ్చేసింది. చిలక రివ్వున ఎగిరింది. సుముఖుడి కాళ్లలోకి నెత్తురొచ్చింది. అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకుని లేచారు. లేస్తూనే పెద్దవాడు, "తొమ్మిదో తరం దగ్గరున్నాం కదూ?" అన్నాడు.

మాంత్రికుడు మాయపోయిన ముసలాడై చతికిలబడ్డాడు. "అయితే బాబూ, రేపు కథ ఉండదా?" అన్నాడు దిగాలుగా.

"ఉంటుంది తాతా. కానీ నువ్వు గిన్నెకు దూరంగా కూర్చోవాలి" అన్నాడు సుముఖుడు.

సుముఖుడు ఏడు సముద్రాలూ దాటి వెళ్లి, "నీకేం కావాలి?" అని మందారికనడిగాడు. "నువ్వే" అందామె. పెళ్లివిందులో ఉప్పు సరిగ్గా సరిపోయింది. వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు. తీర్పు చెప్పేముందు ప్రతివాడినీ, "నీకేం కావాలి?" అని అడిగేవారట.

మరి చిలకో? ఏటా ఒకసారి వచ్చి అద్దం మీద వాలేది. ఆటలో తన వంతు రాగానే ఎవరూ అడగకముందే తనే చెప్పేది, నేనేం చేస్తానో వినండి అని.