చెంగల్రావు ఎర్ర కుచ్చు

అనగనగా ఒక అడవి. పులులూ నక్కలూ ఉండే అడవి కాదర్రా, కాస్త కుదురుగా కూర్చుని వినండి. తునిలో గవర్రాజు గారి కళ్ళజోళ్ళ కొట్లో ఒక గాజు తొట్టి ఉండేది. అందులో జానెడు ఎత్తున నాచు మొక్కలు పెరిగాయి. తొట్టిలో చేపలకి అదే అడవి.

ఆ అడవి అడుగున జెల్లమ్మ అనే ముసలి జెల్ల చేప ఉండేది. మీసాలతో ఇసక ఊడవడం ఆవిడ పని. పైన వాళ్ళు తిని పారేసిందంతా అడుగుకే కదా వచ్చేది! పొద్దున్న ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. "ఈ నడుం ఎప్పుడు వాలుస్తానో ఏమో," అనుకుంటూనే ఊడ్చేది.

ఆవిడకి నా అన్నవాళ్ళు ఒక్కరే. బుడ్డి అని, గుప్పీ అనే చిన్న రంగుచేపల జాతి పిల్ల. బుడ్డి తల్లి పాత తొట్టిలో ఉన్నప్పుడు ఎర్ర పురుగు జబ్బుతో పోయింది. పోతూ పోతూ పిల్లని జెల్లమ్మ మీసాల కిందకి తోసింది. అప్పటినుంచి బుడ్డి ఆవిడని "అమ్మమ్మా" అనేది.

ఒకరోజు గవర్రాజు గారు ఒక కొత్త గుప్పీ చేపని తెచ్చారు. కొత్త చేపని కొన్నాళ్ళు వేరే గిన్నెలో ఉంచి చూడాలి. ఆయనకి అంత ఓపిక లేక నేరుగా తొట్టిలో వదిలేశారు. ఆ చేప పేరు చెంగల్రావు. పేరుకి తగ్గట్టే తోక పట్టుచీర చెంగులా ఉంది. దానికి తోడు తోక కింద నుంచి సన్నగా రెండు ఎర్ర దారాలు వేలాడుతున్నాయి.

"అబ్బో, ఎంత బాగుందో! ఏంటది?" అంటూ చేపలన్నీ మూగాయి.

"కుచ్చు," అన్నాడు చెంగల్రావు తోక తిప్పుతూ. "మా వంశంలో అందరికీ రాదులెండి."

జెల్లమ్మ కిందనుంచి చూసింది. మళ్ళీనా దేవుడా, అనుకుంది.

"ఒరే నాయనా, అది కుచ్చు కాదురా. పురుగు. నీ పేగులో కూర్చుని నువ్వు తిన్నదంతా అదే తింటోంది."

చెంగల్రావు పకపకా నవ్వాడు. "జెల్లత్తా, ఇసక ఊడ్చుకునేవాళ్ళకి సింగారాల సంగతి ఏం తెలుస్తుంది?"

మర్నాడు చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. ఎవరూ వినలేదు. పైగా కొన్నాళ్ళకి ఇంకో నాలుగు చేపలకి దారాలు వస్తే, "మాకూ వచ్చింది కుచ్చు!" అని ఎగిరి గంతులేశాయి. ఏం చెప్పమంటారు వాటికి!

నెల తిరిగేసరికి గంతులు ఆగిపోయాయి. పొట్టలు లోపలికి పోయాయి. చెంగల్రావు తోక ఎత్తలేక ఒక మూల చేరాడు. ఊరందరికీ చూపు దిద్దే గవర్రాజు గారికి తన తొట్టిలో దారం కనపడటానికి అన్నాళ్ళు పట్టింది! భూతద్దం పెట్టి చూసి నాలిక కరుచుకున్నారు. మందు తెచ్చి, మేతలో కలిపి, చిన్న చిన్న ఉండలు చేశారు. ఒకరోజు చేపల్ని పస్తు ఉంచి, ఆకలి మీద ఉన్నప్పుడు ఆ ఉండలు వేశారు.

పాత తొట్టిలో ఈ మందు సంగతి చూసిన జెల్లమ్మ అందరినీ పిలిచింది.

"వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు వేస్తారు. మూడూ మింగాలి. మొదటి ఉండకి పెద్ద పురుగులు పోతాయి. పిల్ల పురుగులు మిగులుతాయి. వాటికోసమే మిగతా రెండు. జబ్బు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, అందరూ మింగాలి."

మొదటి ఉండ అందరూ మింగారు. చేదు విషం! కానీ పురుగులు రాలిపోయాయి. జెల్లమ్మ వాటిని ఒక మూలకి ఊడ్చింది. గవర్రాజు గారు గొట్టం పెట్టి లాగేశారు. మూడో రోజుకల్లా చెంగల్రావు మళ్ళీ చెంగు ఊపుకుంటూ తిరిగాడు.

రెండో వారం జెల్లమ్మ మొక్కల వెనక ఊడుస్తూ ఉంటే మీసానికి ఏదో తగిలింది. ఇసకలో పాతిపెట్టిన మందు ఉండ. పక్కనే చెంగల్రావు దిక్కులు చూస్తున్నాడు.

"ఉమ్మేశావా?"

"ఒళ్ళు బాగైపోయింది కదత్తా. ఆ చేదు మళ్ళీ ఎవడు మింగుతాడు? ఎవరికీ చెప్పకేం."

చెప్పాలనే అనుకుంది జెల్లమ్మ. నలుగురినీ పిలిచి, వాడి చేత మింగించాలనే అనుకుంది. కానీ చెప్పి చెప్పి ఆవిడ నోరు పడిపోయింది. ఇంకా సగం తొట్టి ఊడవాలి. "నీ కర్మ," అని ఆ ఉండని మూలకి నెట్టేసింది. మూడో వారం కూడా చెంగల్రావు అంతే చేశాడు. ఆవిడా అంతే చేసింది.

బుడ్డి మాత్రం కళ్ళు గట్టిగా బిగించుకుని మూడూ మింగింది.

మరో నెల గడిచింది. ఒక ఉదయం బుడ్డి మేతకి పైకి వెళ్ళలేదు.

"అమ్మమ్మా, నాకూ కుచ్చు వచ్చిందా?"

జెల్లమ్మ చూసింది. బుడ్డి తోక కింద వెంట్రుకంత సన్నగా ఎర్ర దారం.

"నేను మూడు ఉండలూ మింగాను కదా?" అంది బుడ్డి.

జెల్లమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. తిన్నగా చెంగల్రావు దగ్గరికి వెళ్ళింది. వాడికీ దారం మళ్ళీ వేలాడుతోంది.

"నీలో మిగిలిన పిల్ల పురుగులు ఇసకలో పడ్డాయిరా. ఆ ఇసకలో ఆడుకునేది నా బుడ్డి. నువ్వు ఉమ్మేశావు, నేను చూసి ఊరుకున్నాను. మనిద్దరి పాపం ఆ పసిదాని కడుపులో చేరింది."

చెంగల్రావు బుడ్డి ఉన్న చోటికి ఈదాడు.

గవర్రాజు గారు మళ్ళీ మందు తెచ్చారు. మళ్ళీ పస్తు, మళ్ళీ చేదు. కానీ బుడ్డికి పైకి ఈదే శక్తి లేదు. అప్పుడు చెంగల్రావు పైకి వెళ్ళి ఒక ఉండ అక్కడే మింగాడు. ఇంకొకటి నోట కరుచుకుని కిందకి తెచ్చి, చిదిపి చిదిపి బుడ్డి నోటికి అందించాడు. మొదటి వారం, రెండో వారం, మూడో వారం. ప్రతిసారీ జెల్లమ్మ దగ్గరుండి చూస్తూ, అందరూ మింగేదాకా కదలలేదు.

పురుగులు పోయాయి. బుడ్డి బతికింది. కానీ దాని నడుం వంగిపోయింది. ఎన్నాళ్ళు గడిచినా తిన్నగా కాలేదు. ఆ తర్వాత అది ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే ఈదింది.

కొన్నాళ్ళకి గవర్రాజు గారు ఇంకో కొత్త చేపని తెచ్చారు. ఈసారి తొట్టిలో వదల్లేదు. పక్కనే వేరే గాజు గిన్నెలో ఉంచారు. ఆ చేప తోక కింద ఎర్ర దారం. అది అద్దానికి దగ్గరగా వచ్చి, "నా కుచ్చు చూశారా?" అని ఒక చుట్టు తిరిగింది.

జెల్లమ్మ నిట్టూర్చింది. మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. నొప్పి పెడుతున్న నడుం లేవదీసి నోరు తెరవబోయింది. ఆ లోపే చెంగల్రావు అద్దం దగ్గరికి వెళ్ళాడు.

"అది కుచ్చు కాదు తమ్ముడూ, పురుగు. ఉండలు వేస్తారు. మూడూ మింగు. ఒళ్ళు బాగైపోయినా మూడోది కూడా మింగు." తోకతో వెనక్కి చూపించి, "ఎందుకంటావా? అదిగో, మా బుడ్డి నడుం చూడు," అన్నాడు.

జెల్లమ్మ తెరిచిన నోరు మూసుకుంది. మెల్లగా ఇసక మీదకి వాలింది. బుడ్డి వచ్చి ఆవిడ మీసాల కింద దూరింది. ఆ పూట జెల్లమ్మ ఇసక ఊడవలేదు.

నీతి: ఒళ్ళు తేలికపడిందని మందు మధ్యలో మానేస్తే, ఆ జబ్బు పక్కవాళ్ళ పిల్లల్ని పట్టుకుంటుంది, చూసి ఊరుకున్నవాళ్ళకీ ఆ తప్పులో వాటా ఉంటుంది.