బాధితుల తరఫున రెండు మాటలు

వాగు పొంగి మూడు రోజులైంది. పల్లంలో ఉన్న బొరియలన్నీ మునిగాయి. కుందేళ్లు, ఉడుములు, ముంగిసలు పిల్లాపాపలతో నల్లగుట్ట ఎక్కి కూర్చున్నాయి. వాటిని మోసుకొచ్చింది దున్నపోతు ఒక్కటే. ముప్పై కుటుంబాలను ఒడ్డున దించి, ఆఖరికి బండ జారి కాలు విరిగి గుట్ట వెనక పడుంది. ఇంకా కొందరు నీళ్ల మధ్య చెట్టుకొకరు, దిబ్బకొకరు చిక్కుకునే ఉన్నారు. దున్నపోతు పడిన మర్నాడే నక్క సేవాదళం పెట్టింది.

దళంలో నాలుగు నక్కలు, రెండు కోతులు. తలకు మోదుగాకు కట్టుకున్నవాడు సేవకుడు, కట్టుకోనివాడు బాధితుడు. అంతకు మించి సేవేమీ కనపడలేదు.

ముళ్లపంది సూరమ్మకు ఆ ఆకులు చూస్తేనే ఒళ్లు మండుతోంది. ఆమె కాపురం వాగు మధ్య దిబ్బ మీద. దుంపల కోసం ఇవతలికి వచ్చిన పూటే వాగు పొంగింది. పిల్లలిద్దరూ అక్కడే ఉండిపోయారు. ఒడ్డు నుంచి చూస్తే నిన్న దిబ్బ చాపంత ఉంది, ఇవాళ చేటంత. సాయంత్రానికి అదీ ఉండదు.

"నక్కన్నా, ఎండ్రకాయల కోసం రోజూ ఈ వాగు ఈదేవాడివి. నా పిల్లల్ని తెచ్చిపెట్టు నాయనా," అంది.

"తేనా సూరమ్మా! అందుకే కదా దళం పెట్టింది," అంది నక్క మోదుగాకు సర్దుకుంటూ. "కానీ పద్ధతంటూ ఒకటి ఏడ్చింది. నీ బొరియ నిజంగా మునిగిందని ముందు ఇద్దరు సాక్షులు చెప్పాలి."

"మునిగిన బొరియకు సాక్షులెవరు? చేపలా?"

"అదే, నీకు నోరెక్కువ. అయినా ఇవాళ తీరికెక్కడిది? మధ్యాహ్నం మృగరాజు వస్తున్నారు, మాకు సన్మానం. తోరణాలు కట్టాలి. ప్రభువుల పక్కన నేను నిలబడాలా కోతి నిలబడాలా అన్నది పొద్దుటి నుంచీ తేలలేదు."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నా ఇల్లు మునిగి నేనేడుస్తుంటే వీడు దండకు పూలు వెతుక్కుంటున్నాడు, అనుకుంది సూరమ్మ.

"నువ్వో పని చెయ్యి," అంది నక్క గొంతు తగ్గించి. "బాధితుల తరఫున ఎవరో ఒకరు రెండు మాటలు చెప్పాలి. నీ ఏడుపు మొహం బాగా అమరుతుంది. 'నక్కన్న మెడలోతు నీళ్లలో ఈదాడు. ముళ్లు గుచ్చుకున్నా వెనక్కి తగ్గకుండా ముళ్లపందుల్ని వీపున మోశాడు' అను. మధ్యలో రెండుసార్లు వెక్కు. రేపు నీ సంగతి చూద్దాం."

"రేపటికి దిబ్బ ఉంటుందా?"

"ఉంటేనే చూద్దాం."

సూరమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. అక్కడే పొడిచేసేది, కానీ పొడిస్తే పిల్లలు రారు. నక్కను నమ్ముకోవడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. అయితే ఆ తోకను మెలిపెట్టకూడదని ఏ సామెతా చెప్పలేదు.

"సరే నక్కన్నా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెబుతా," అంది.

మధ్యాహ్నం సింహం వచ్చింది, జూలు తడవకుండా రెండు ఎలుగుబంట్లు తామరాకులు పట్టగా. సభ అయ్యేదాకా పళ్లబుట్ట ముట్టుకోవద్దని కోతులు కుందేలు పిల్లల్ని అదిలిస్తున్నాయి. నక్క మెడలో దండ పడింది. కాకి చెట్టు చివర కూర్చుని, "సేవామూర్తి! సేవామూర్తి!" అని అడవంతా చాటింది.

సూరమ్మ లేచి, నేర్పిన రెండు మాటలూ నేర్పినట్టే చెప్పింది. రెండుసార్లు వెక్కింది కూడా. ఆ వెక్కిళ్లు మాత్రం ఒకరు నేర్పినవి కావు. నక్క కళ్లు మూసుకుని తలూపింది.

"ఇంకొక్క మాట ప్రభూ," అంది సూరమ్మ.

నక్క కళ్లు తెరిచింది.

"అదుగో, ఆ దిబ్బ మీద కదులుతున్నవి నా పిల్లలు. ఇంతమందిని మోసిన వీపుకు వాళ్లిద్దరూ ఓ లెక్కా? తమరు కళ్లారా చూడాలనే చివరికి ఉంచినట్టున్నాడు. ఈ మహానుభావుడి ఈత నా మాటల్లో ఏం తెలుస్తుంది?"

సింహం మొహం విప్పారింది. "భేష్! ఎన్నో సన్మానాలు చేశాం గానీ, సేవ ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. కానివ్వు నక్కా!"

"ప్రభూ, పొద్దుటి నుంచీ కడుపులో కొంచెం..."

"మెడలోతు నీళ్లకు వెరవనివాడివి కడుపునొప్పికి వెరుస్తావా?" సింహం గొంతు మారింది. "లేక ఆమె చెప్పింది అబద్ధమా? అబద్ధానికా నా చేత దండ వేయించావు?"

ముందు వాగు, వెనక సింహం. నక్క వాగులోకే దూకింది.

వెళ్లడం బాగానే వెళ్లింది. తిరుగు ప్రయాణంలోనే వచ్చింది తంటా. ముళ్లపంది పిల్లలకు భయమేస్తే ముళ్లు లేస్తాయి. సుడి వచ్చినప్పుడల్లా వాళ్లకు భయమేసింది. ఆ వాగులో సుడులకు కొదవలేదు. నక్క "అమ్మో! చచ్చాన్రో!" అన్నప్పుడల్లా కాకి చెట్టు మీంచి, "ముళ్లు గుచ్చుకున్నా వెనక్కి తగ్గడం లేదు!" అని అందుకుంది.

ఒడ్డున సూరమ్మ పిల్లలిద్దరినీ తడిమి తడిమి వాసన చూసి, కడుపు కిందికి లాక్కుంది.

నక్క జల్లెడైన వీపుతో చతికిలబడబోయింది. ఇంతలో ఉడుము ముందుకొచ్చింది.

"నక్కన్నా, మా అత్త ఆ తుమ్మచెట్టు మీద ఉండిపోయింది. కాస్త బరువు మనిషి."

ఉడుము వెనక ముంగిస నిలబడింది. ముంగిస వెనక వరస గుట్ట మీదికంటా సాగింది.

"ఆగకు నక్కా, ఆగకు. రక్తి కడుతోంది," అంది సింహం, తామరాకు కింద సర్దుకుని కూర్చుంటూ.

చేయని సాయానికి దండ వేయించుకున్నవాడు, ఆ సాయం చేసేదాకా మెడ తిప్పుకోలేడు.