అడిగి వండించిన పెళ్ళి వంట

చినలంకలో పెళ్ళివంటల మేస్త్రి గవర్రాజుకి తన తెలివి మీద మహా నమ్మకం. "దేవుడు తెలివి పంచిన రోజున మేం గిన్నెలతో కాదు, గుండిగలతో వెళ్ళాం" అనేవాడు. "చుక్క ఒలక్కుండా గుండిగ బోర్లించి మరీ తెచ్చుకున్నాం" అనేవాడు తమ్ముడు నూకరాజు. కూరలు తరిగే సత్తెమ్మ ఔనౌనని తలూపేది.

ఒక పెళ్ళిలో గవర్రాజు కేకలు విని, పట్నం నించి వచ్చిన ఆఫీసరొకాయన పక్కకి పిలిచాడు.

"మేస్త్రీ, పనివాళ్ళకి చెప్పకూడదు, అడగాలి. అడిగితే వాళ్ళ బుర్రలు కదుల్తాయి. ఏం సాయం కావాలో కూడా అడుగు. అడిగి, చేసిపెట్టు."

అంతే! ఇకమీదట ప్రశ్న తప్ప నోట మాట రానివ్వనని గవర్రాజు ఒట్టేసుకున్నాడు.

ఆ మర్నాడే రైసుమిల్లు కామేశంగారి అమ్మాయి పెళ్ళి. తెల్లారకుండానే పొయ్యిలు రాజేశారు.

"ఒరే నూకరాజూ, పప్పేమంటోంది?" అన్నాడు గవర్రాజు, ఎంతో ప్రేమగా.

నూకరాజు గుండిగ దగ్గర చెవి పెట్టాడు. చెవి చుర్రుమంది. "కుతకుతమంటోంది అన్నయ్యా!"

తమ్ముడి బుర్ర కదిలిందని గవర్రాజు పొంగిపోయాడు. "మరి సాంబారు ఇంకెలా ఉంటే బావుంటుంది?"

"ఇంకా ఎక్కువుంటే బావుంటుంది" అని నూకరాజు రెండు బిందెల నీళ్ళు గుమ్మరించాడు. ఇంకేముంది, ములక్కాడలు ఏట్లో పడవల్లా తేలాయి.

తిట్టబోయి, గవర్రాజు నాలిక్కరుచుకున్నాడు. తిట్టు ప్రశ్న కాదుగా! సత్తెమ్మ వైపు తిరిగాడు. "సత్తెమ్మా, నీకేం సాయం కావాలి?"

ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ ముక్కు చీదింది. "పొద్దుణ్ణించీ ఏడవలేక చస్తన్నా మేస్త్రిగారూ. నా బదులు కాసేపు మీరేడవండి."

అడిగాక చెయ్యకపోతే ఎలా? ఆవిడ పక్కనే చతికిలబడి గవర్రాజు భోరుమన్నాడు. కళ్ళు కనపడకుండా ఏడ్చాడు. అది చూసి పొయ్యి దగ్గరున్న నూకరాజు కూడా వచ్చి అన్నయ్యకి సాయంగా ఏడ్చాడు. ఈలోగా పొయ్యి మంట ఎగిసి తాటాకు పందిరి అంచుకి అంటుకుంది.

గవర్రాజు కళ్ళు తుడుచుకుని చూశాడు. "ఆర్పండ్రా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాడు.

"ఒరే, అది ఆరాలంటే ఏం కావాలి?"

"నీళ్ళు కావాలి అన్నయ్యా."

"నీళ్ళెక్కడున్నాయి?"

"డ్రమ్ములో."

"డ్రమ్మెక్కడుంది?"

"మంట పక్కనే."

"మరి?"

"మరేముంది! అడిగినవన్నీ చెప్పేశాగా!" అని నూకరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పైన తాటాకులు ఫటఫటమంటున్నాయి. తరవాతి ప్రశ్న కోసం గవర్రాజు ఒళ్ళంతా చెమటలు కక్కుతూ వెతుక్కుంటున్నాడు.

ఇంతలో కామేశంగారు పట్టుపంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చి, డ్రమ్ములో బిందెలు ముంచి నీళ్ళు కొట్టి మంట తనే ఆర్పారు. మసి మొహంతో ఒగురుస్తూ కేకేశారు.

"ఛీ! మీలాంటివాళ్ళకి అన్నం పెట్టేవాడెవడ్రా?"

గవర్రాజు మొహం వెలిగిపోయింది. హమ్మయ్య, అడగడం తెలిసిన పెద్దమనిషి! ముగ్గురూ బుర్రలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు.

"మీరేనండి!" అన్నాడు నూకరాజు, చేతులు జోడించి.

ఇంకేముంది, పెళ్ళివారి పంక్తిలో ముగ్గురూ ముందే వెళ్ళి బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఆకు మీద నీళ్ళు చిలకరించుకుంటూ గవర్రాజు వినయంగా అడిగాడు.

"ముందు ఏం వడ్డిస్తారండీ?"