నీడ తరిగిన ముంగిస

అనగనగా ఒక అడవిలో, మిట్టమధ్యాహ్నం కూడా మంచు విడవని అడవిలో, మంగతాయి అనే ముంగిస సర్కారు కొలువు చేసేది. సింహరాజు గుహ ముందు కాపలా ఉండి పాముల్ని పట్టడం దాని పని. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

ఆ అడవిలో ఒక పాడు ఆచారం ఉండేది పిల్లలూ. కొలువులో ఉన్నవాళ్ళ మీద నేరం మోపితే టేకాకు మీద మెమో రాసిచ్చేవారు. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా వాళ్ళ నీడ రోజుకింత తరిగిపోయేది. సరైన జవాబు అందితే తిరిగొచ్చేది. లేదంటే మొత్తం పోయేది. నీడ పోయినవాళ్ళు ఎవరికీ కనబడరు, ఎవరికీ గుర్తుండరు. కన్నపిల్లలకైనా సరే!

ఒకరోజు మంగతాయికి మెమో వచ్చింది. మూడు రోజులు చెప్పకుండా కాపలా మానేసిందట. ఎంత అన్యాయం! ఏటి అవతల పాముల్ని పట్టమని నోటిమాటగా పంపింది పై అధికారి ఏనుగే. ఇప్పుడేమో "నేనెప్పుడు చెప్పాను?" అంటున్నాడు. మంగతాయి కిందికి చూసుకుంది. తోక నీడ అప్పుడే లేదు. వెంటనే వకీలు కోసం పరుగెత్తింది.

ముందు నెమలి దగ్గరికెళ్ళింది. చెట్ల హద్దుల తగాదాల్లో ఆయన గట్టివాడు. మెమో చూడకుండానే గంటసేపు తన గొప్పలు చెప్పుకున్నాడు. మంగతాయి విసుగొచ్చి లేచొచ్చేసింది.

తర్వాత అలుగు దగ్గరికెళ్ళింది. ఒళ్ళంతా పెంకులున్న ముసలాయన, ముప్పై ఏళ్ళుగా కొలువు తగాదాలు తప్ప ఇంకోటి ముట్టలేదు. మెమో రెండుసార్లు చదివాడు. తేదీ చూశాడు. ఏనుగు పంపినప్పుడు విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. కొంగ విందని మంగతాయి చెప్పింది.

"గెలుస్తామని మాటివ్వలేనమ్మా," అన్నాడు అలుగు. "ముందు ఏనుగుకే జవాబు రాయాలి, కొంగ సాక్ష్యం పెట్టాలి. ఆయన కాదంటేనే రాజుగారి దగ్గరికి. ఆ వరస తప్పితే గుమ్మంలోంచే పంపేస్తారు."

మంగతాయికి ఒళ్ళు మండింది. నేరం మోపినవాడికే జవాబు రాసుకోవాలా? ఈయన మాటలు వింటే ఉన్న ధైర్యమూ పోయేలా ఉందని సణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మూడోవాడు దుమ్ములగొండి. జింకని చంపిన చిరుతని శిక్ష పడకుండా తప్పించిన పేరుమోసిన వకీలు. వాడి గుహ ముందు గడ్డి అక్కడక్కడా అణిగి ఉంది, ఎవరో కూర్చున్నట్టు. ఎవరూ లేరు. మీకు అర్థమైంది కదా ఎవరు కూర్చున్నారో? వాణ్ణి నమ్మి ఓడిన కొలువువాళ్ళు. వాళ్ళు ఎవరికీ గుర్తుండరు కాబట్టి వాడి గెలుపులే మిగిలాయి.

"ఏనుగుతో మనకేంటి? తిన్నగా రాజుగారి దగ్గరే తేల్చేద్దాం. గెలిచావనుకో!" అని నవ్వాడు దుమ్ములగొండి.

ఆ మాట ఎంత హాయిగా ఉందో మంగతాయికి! కేసు వాడికే అప్పజెప్పింది.

పదిహేనో రోజు పొద్దున రాజసభలో దుమ్ములగొండి గొంతు చించుకున్నాడు. సింహరాజు ఒక్కటే అడిగాడు, ఏనుగుకి జవాబిచ్చారా అని. ఇవ్వలేదు. అర్జీ చదవకుండానే తిప్పి పంపేశారు. ఈ కొలువు గొడవలు తనకి కొత్తని నసిగి దుమ్ములగొండి జారుకున్నాడు.

పొద్దుగూకితే గడువు అయిపోతుంది. మంగతాయి అలుగు దగ్గరికి పరుగెత్తి కాళ్ళమీద పడింది. అప్పటికి నీడ కుంకుడుగింజంత మిగిలింది. అలుగు కొంగకి కబురు పంపి, గబగబా జవాబు రాయడం మొదలుపెట్టాడు. కొంగ ఏటి అవతలినుంచి రావాలి. మంచులో దారి కనబడక ఎంతకీ రాలేదు. పొద్దుగూకింది.

అలుగు రాయడం ఆపాడు. తలెత్తి అటూ ఇటూ చూశాడు. "ఎవరి కోసం రాస్తున్నాను నేను?" అని గొణుక్కుని ఆకు పక్కన పడేశాడు.

మంగతాయి ఏడుస్తూ ఇంటికెళ్ళి పిల్లల మధ్య కూర్చుంది. ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలిచింది. చిన్నది తలెత్తి తనవైపే చూసేసరికి మంగతాయికి ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, మనకి అమ్మ ఉండేదా?" అనడిగింది చిన్నది.

పెద్దది గుర్తు తెచ్చుకోవాలని చూసింది.

"లేదనుకుంటా," అంది.

నీతి: కొలువుకి ఆపదొస్తే, గెలిపిస్తానని ఊరించేవాణ్ణి కాదు, మన కాగితం చదివి, ఆ దారి తెలిసి, ఉన్నమాట చెప్పేవాణ్ణి పట్టుకోవాలి. అదీ గడువుండగానే.