నంబరు కనిపించేదాకా

వెబ్‌సైట్‌లోంచి ఒక్క బొమ్మ కూడా తీసేది లేదని భీష్మించుకుంది తహసీన్.

చీరాలలో కోదండపాణి ఇళ్లకు ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకిస్తాడు. ఆ దుకాణానికి వెబ్‌సైట్ చేసింది ఆమే. తెరవగానే పెద్ద వీడియో, వెనక వీణ, మెరిసే సిలిండర్ల మధ్య చేతులు కట్టుకుని కోదండపాణి. నెల రోజుల కష్టం. అదేమో ఎంతకీ తెరుచుకోవడం లేదని ఒక రోగి కూతురు దుకాణానికొచ్చి తిట్టిపోసిందట. వేగం పెంచమన్నాడు కోదండపాణి. తన వీడియో జోలికి మాత్రం పోవద్దన్నాడు.

తనకు ఈ పని నేర్పిన జకరయ్య మాస్టారి దగ్గరికి వెళ్లి, తప్పంతా జనం పాత ఫోన్లదేనని వాదించింది తహసీన్. తన ఫోన్లో ఇట్టే వస్తోందని చూపించింది కూడా.

మాస్టారు అంతా విని, తన పాత ఫోన్ ఆమె చేతికిచ్చారు.

"ముక్కూ నోరూ మూసుకుని ఇందులో తెరువు. దుకాణం నంబరు కనబడ్డాక ఊపిరి తీసుకో."

వెనక్కి తగ్గే రకం కాదు తహసీన్. గుండెల నిండా గాలి పీల్చి, ముక్కూ నోరూ మూసుకుని ఫోన్లో వెబ్‌సైట్ నొక్కింది.

తెర తెల్లగా ఉంది. మధ్యలో సున్నా తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి కోదండపాణి నుదురు వచ్చింది. తర్వాత మీసం. ఆమె చెవుల్లో హోరు మొదలైంది. వదలకూడదనుకుంది. వీణ ఒకసారి మోగి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నంబరు రాలేదు.

చెయ్యి తీసేసి, రొప్పుతూనే ఎదురు తిరిగింది.

"ఊపిరి బిగబట్టుకుని వెబ్‌సైట్ చూసేవాళ్లు ఎవరుంటారు మాస్టారూ?"

"ఆ దుకాణంలో ఏం దొరుకుతుందమ్మా?" అన్నారాయన.

తహసీన్ తన ల్యాప్‌టాప్ తెరిచింది.

అక్కడే కూర్చుని వీడియో తీసేసింది. వీణ తీసేసింది. బొమ్మలు రెండే ఉంచి, వాటినీ బాగా కుదించింది. అన్నిటికన్నా పైన నంబరు పెట్టింది. మాస్టారి ఫోన్లో నొక్కితే, వేలు తీసేలోగా వచ్చింది.

గంట తిరక్కుండా కోదండపాణి ఫోన్ చేశాడు. తన వీడియో ఏదని నిలదీశాడు. సాయంత్రంలోగా మళ్లీ పెట్టకపోతే ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు.

"అప్పగించుకోండి," అంది తహసీన్. "ఆ నంబరుకు అడ్డంగా నా చేత్తో ఎవర్నీ నిలబెట్టను. మిమ్మల్ని కూడా."

అవతల ఫోన్ పెట్టేశాడు.

"పని పోయినట్టే మాస్టారూ," అంది.

"నీకు పని ఇవాళే వచ్చింది," అన్నారాయన.