దగ్గిన కుళాయి

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దున్నే, ఒక కుళాయి దగ్గింది.

నవ్వకు తల్లీ. నిజంగానే దగ్గింది. వనజ అప్పుడే బియ్యం గిన్నె దాని కింద పెట్టి తిప్పింది. కుళాయి ఖళ్ళుమంది. గుటక వేసింది. కాసేపు ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత నీళ్ళు వదిలింది. వచ్చాయి కదా అని ఇంకెవరైనా ఊరుకునేవాళ్ళే. వనజ ఊరుకోలేదు. బియ్యంలో చెయ్యి పెట్టి కలిపింది. వేళ్ళకి ఏదో మెత్తగా, జారుడుగా తగిలింది. అదిగో, అప్పుడు పుట్టింది ఆవిడ గుండెల్లో గుబులు.

వనజ ఎవరంటావా? కాలవ పక్క వీధిలో, ఒక మేడ కింద వాటాలో మెస్సు నడిపే అమ్మాయి. ఆటోవాళ్ళు, స్కూలు మాస్టార్లు, మందుల షాపులో పనిచేసే పిల్లలు, అందరూ ఆవిడ చేతి పప్పన్నమే తినేవాళ్ళు. పై వాటాలో ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు. తాయారమ్మ అని ఒక మామ్మగారు, ఆవిడ కొడుకు కామేశం. కామేశం మెట్లు దిగుతున్నాడంటే వీధిలో కుక్కలు కూడా లేచి పక్కకి జరిగేవి. అంత విసురు మనిషి.

మామ్మగారు మాత్రం వెన్న. మెస్సు పెట్టుకుంటానని వనజ వీధి వీధీ తిరిగినప్పుడు, పొగ అని ఒకళ్ళు, జిడ్డు అని ఒకళ్ళు, నలుగురూ వచ్చి తింటారని ఇంకొకళ్ళు ఇల్లివ్వలేదు. మామ్మగారే పిలిచింది. "మా కింద వాటా బూజు పట్టి చస్తోందే పిల్లా, వచ్చి పొయ్యి వెలిగించు" అంది. కొడుకు గునిసినా వినలేదు.

మామ్మగారికి మోకాళ్ళు పట్టేశాయి. గుడి మానేసింది, కాలవ మానేసింది, పేరంటాలు మానేసింది. డాబా ఒక్కటీ మానలేదు. అక్కడ ఆవిడ బచ్చలి తీగ, కనకాంబరాలు, తులసికోట. డాబా తలుపు తాళంచెవి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే. పోయినేడు అక్కడే స్టూలెక్కి తీగ పాకిస్తూ జారిపడింది. అప్పుడు కామేశం ఒక మాట అన్నాడు.

"ఇంకోసారి స్టూలెక్కావని తెలిసిందో, ఆ తాళంచెవి నా జేబులోకి పోద్ది. మళ్ళీ డాబా మొహం చూడవు."

ఈ మాట గుర్తు పెట్టుకో. దీనితో పనుంది.

సరే. కుళాయి దగ్గింది కదా. అప్పుడు వనజ ఏం చేసింది? ముందు కుళాయి మూతికి కట్టిన గుడ్డ విప్పింది. మనమూ కడతాం చూడు, నలకలు రాకుండా. ఆ గుడ్డలో బూడిదరంగు బురద, అరచేతిలో పట్టేంత ఉంది. కడిగి మళ్ళీ కట్టింది. నీళ్ళు బాగానే వచ్చాయి. అన్నం వార్చేసరికి మళ్ళీ సన్నగిల్లాయి. పప్పు తాలింపు పెట్టేసరికి నూలుపోగంత అయ్యాయి.

ఆ ఊళ్ళో ప్లంబరు లేడా అంటే, ఉన్నాడు. ఫోను చేస్తే "బయల్దేరుతున్నానక్కా, చెప్పులేసుకుంటున్నా" అనేవాడు. ఆ చెప్పులు వేసుకోవడం పండక్కి మొదలెడితే పండక్కి అయ్యేది. అందుకే వనజ ఒక పానా కొనుక్కుని తన తిప్పలేవో తనే పడేది.

అప్పుడు పానా తీసింది. గేట్ వాల్వు కట్టేసింది. అది కట్టకుండా కుళాయి విప్పితే మొహం మీద జలపాతమే. ఆ తర్వాత కుళాయి తల విప్పి, లోపలి వాషరు చూసింది. రబ్బరు మెత్తగానే ఉంది, ఎక్కడా అరిగిపోలేదు. బిగించే మర చుట్లకి కొత్త తెల్ల టేపు చుట్టి మళ్ళీ బిగించింది. వాల్వు తెరిచింది. తిప్పింది. నూలుపోగు నూలుపోగే.

అప్పుడు అనుకుంది, గొట్టంలో గాలి పట్టిందేమో అని. గాలి పడితే నీళ్ళు వచ్చే దారిలో అడ్డంగా కూర్చుంటుంది. దాన్ని వెనక్కి తోలాలి. మోటారు దగ్గర పంపుకి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస కుళాయి మూతికి బిగించి, నీళ్ళు ఎదురు తోసింది. గొట్టాలు గుడగుడమన్నాయి. గోడలో ఏదో దొర్లినట్టయింది. రబ్బరు గొట్టం తీసేసరికి కుళాయి భళ్ళున బురద కక్కుకుంది. ఆ తర్వాత ఆ నూలుపోగు కూడా పోయింది. ఒక్క చుక్క లేదు.

అదే సమయానికి పై వాటాలో కూడా నీళ్ళు ఆగిపోయాయి. కామేశం ఒంటినిండా సబ్బు, నడుముకి తుండు, అలాగే మెట్లు దిగొచ్చాడు. భోజనానికొచ్చిన మాస్టార్లు తలలు దించుకుని పళ్ళేలు చూసుకున్నారు.

"ఏం వనజా, మెస్సు నడుపుతున్నావా, చెరువు తవ్వుతున్నావా?"

"చూస్తున్నానండీ. ఏదో మట్టి అడ్డం పడింది."

"ఏదో కాదు. పొద్దస్తమానం మోటారేసి తోడుతున్నావు. బోరు అడుగంటింది. ఆ అడుగు మట్టే ఇది. నువ్వు ఖాళీ చేస్తే బోరు దానంతటది తేరుకుంటుంది."

"బోరు కాదేమోనండీ..."

"కాకపోతే మరేంటో నువ్వే చెప్పు. సాయంత్రానికి నీళ్ళు తేటగా రావాలి. మట్టి ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియాలి. తెలీదన్నావో, నీ వల్లే అని ఒప్పుకుని గిన్నెలు సర్దుకో."

సబ్బు కంట్లోకి దిగింది. తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

వనజ పానా కింద పెట్టింది. ఈ పొయ్యి ఆరితే మళ్ళీ ఏ వీధిలో వెలిగించాలి? మళ్ళీ ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాలి?

కాసేపు పొయ్యి ముందు కూర్చుంది. ఆ తర్వాత లేచి మూడు గాజుగ్లాసులు తీసింది.

మొదటి గ్లాసు బోరు నీళ్ళు పైకొచ్చే చోట పట్టింది. రెండో గ్లాసులో తన కుళాయి కక్కిన నీళ్ళు పట్టింది. మూడోది పట్టుకుని పైకెళ్ళి, మామ్మగారి వంటింట్లో ఆఖరుగా కారిన బొట్లు పట్టుకొచ్చింది. మూడూ వరసగా గట్టు మీద పెట్టి చూసింది. బోరు గ్లాసు తేట. అడుగున ఇసక రేణువు కూడా లేదు. మిగిలిన రెండూ బురద.

అంటే మట్టి భూమిలోంచి రావట్లేదు. బోరు మంచిదే. నీళ్ళు మంచిగా పైకెళ్ళి, బురదగా కిందికొస్తున్నాయి. మధ్యలో ఉన్నది ఒకటే. డాబా మీద నల్లట్యాంకు.

వనజ ప్రాణం లేచొచ్చింది. గబగబా మామ్మగారి దగ్గరికి వెళ్ళి తాళంచెవి అడిగింది. మామ్మగారు వత్తులు చేసుకుంటోంది. చెయ్యి ఆగిపోయింది.

"ట్యాంకెందుకే ఇప్పుడు? మొన్న ఎండల్లోనేగా కడిగించాం."

"లోపలేదో పడింది మామ్మగారూ."

"ఏం పడుద్దే? మూత ఉందిగా."

"చూస్తే తెలుస్తుంది కదా. ఇవ్వండి."

మామ్మగారు బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఇవ్వడానికి చెయ్యి చాపి, మళ్ళీ కొంచెం వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఇచ్చింది.

"కాలు పెట్టకు లోపల. నెమ్మదిగా చెయ్యి" అంది.

ట్యాంకులో కాలు పెట్టద్దంటుందేంటి అనుకుంది వనజ. డాబా తలుపు తీసింది. ట్యాంకు పక్కనే, గోడకి ఆనించి, ఒక స్టూలు ఉంది.

వనజ ఆ స్టూలు వంక చూసింది. చూడనట్టే మూత తీసింది.

పైన నీళ్ళు తేటగానే ఉన్నాయి. అడుగు కనపడట్లేదు. మోటారు కట్టేసి, ట్యాంకు అడుగున పక్కగా ఉన్న మూత విప్పి నీళ్ళు వదిలేసింది. నీళ్ళు దిగేకొద్దీ బూడిదరంగు మేట బయటపడింది. మెత్తటి బంకమట్టి. నీళ్ళు బయటికి పోయే గొట్టం మూతిని సగం మింగేసి కూర్చుంది.

వనజ ట్యాంకులోకి నడుము దాకా వంగి చెయ్యి పెట్టింది. మొదట ఒక గరికపోచ వచ్చింది. గాలికి ఎగిరొచ్చిందేమో అనుకుంది. ఆ తర్వాత ఒక మారేడాకు వచ్చింది, కుళ్ళి జాలీలా అయింది. డాబా మీద మారేడు చెట్టు లేదు. మూడోసారి పిడికిట్లోకి ఏదో గట్టిగా వచ్చింది. నీళ్ళతో కడిగింది. ఒక చెవి. చాటంత చెవి కాదు, చింతాకు కంటే కొంచెం పెద్దది. మట్టి చెవి. అంచుకి బంగారురంగు తళుకు కాగితం అంటుకుని ఉంది.

వినాయకుడి చెవి.

అప్పుడు వనజ అక్కడే చతికిలబడింది. అంతా గుర్తొచ్చింది. మొన్న వినాయక చవితి నాడు మామ్మగారు ఉండ్రాళ్ళు పట్టుకుని మెస్సులోకొచ్చింది. "నా బుల్లి గణపతిని కాలవలో కలపాలే. మావాణ్ణి అడిగితే బకెట్లో ముంచి మొక్కల్లో పొయ్యమంటాడు. బకెట్లో నీళ్ళు ఎక్కడికి పోతాయే? పారే నీళ్ళల్లో పంపించాలి గానీ" అంది.

"నేను తీసుకెళ్తాగా మామ్మగారూ, అన్నాలవ్వనీండి" అంది వనజ.

ఆ రోజు అన్నాలు పొద్దుపోయేదాకా అవుతూనే ఉన్నాయి. మర్నాడు కూరలు ఆలస్యంగా వచ్చాయి. ఆ మర్నాడు గ్యాసు అయిపోయింది. ఆ తర్వాత మామ్మగారే నవ్వుతూ చెప్పింది. "కలిపేశాలేవే, నీకెందుకు శ్రమ." హమ్మయ్య అనుకుంది వనజ. ఎక్కడ కలిపారని అడగలేదు.

ట్యాంకు నీళ్ళు పైనుంచి దిగుతాయి, గోడల్లో పారతాయి, ఇల్లంతా తిరుగుతాయి. ఎవరి కాలి కిందా పడకుండా సాగుతాయి. గడప దాటలేని మనిషికి అంతకంటే పారే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి చెప్పు? మోకాళ్ళు వంగని మనిషి, స్వామిని ఒక చేత్తో పొదివి పట్టుకుని, ఆ స్టూలు మీద ఎలా ఎక్కిందో. తలుచుకుని వనజ మళ్ళీ ఆ స్టూలు వంక చూసింది.

ఆ తర్వాత ఏడుస్తూనే పని చేసింది. మట్టి మొత్తం డబ్బాలోకి ఎత్తి కనకాంబరాల మొదట్లో పోసింది. ట్యాంకు గుడ్డతో తుడిచింది. నీళ్ళు ఎక్కించి, వదిలి, మళ్ళీ ఎక్కించింది. కుళాయిలన్నీ విప్పి పారనిచ్చింది. గొట్టాల్లో మట్టంతా కడుక్కుపోయింది. పొద్దు వాలేసరికి నీళ్ళు ముత్యాల్లా వచ్చాయి. డాబాకి తాళం వేసి, తాళంచెవి మామ్మగారికి ఇచ్చేసింది. ఆ మట్టి చెవి మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. అరచేతిలో పెట్టుకుని పిడికిలి బిగించింది.

సాయంత్రం కామేశం దిగొచ్చాడు. మాస్టార్లు బల్లల దగ్గర కూర్చున్నారు, గరిటె ఆగిందని చూస్తున్నారు. కామేశం ఒక గ్లాసు పట్టి దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తాగాడు కూడా.

"బానే ఉన్నాయి" అన్నాడు. "ఇప్పుడు చెప్పు. ఏముంది పైన? బోరు మట్టేనా?"

వనజ తలెత్తింది. మెట్ల పైన మామ్మగారు నిలబడి ఉంది. ఒక చెయ్యి కమ్మీ మీద. ఒక చెయ్యి బొడ్డు దగ్గర, తాళంచెవి మీద. వనజ మొహం చూడట్లేదావిడ. వనజ పిడికిలి చూస్తోంది. పెదాలు కదిలాయి. కామేశం అటు తిరగ్గానే ఆగిపోయాయి.

చూడు తల్లీ, ఎలా వచ్చి పడిందో. బోరు మట్టే అంటే మెస్సు పోతుంది. ఉన్నదున్నట్టు చెప్తే మామ్మగారి డాబా పోతుంది. ఎవరో ఆకతాయి పని అంటే, తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరేనాయె, అబద్ధం అక్కడికక్కడే పట్టుబడుతుంది. పోనీ ఎలాగో దాచేసిందే అనుకో, వచ్చే చవితికి ఆ మోకాళ్ళు మళ్ళీ ఆ స్టూలెక్కితే? పైగా తీసుకెళ్తానని మాటిచ్చి మర్చిపోయింది ఎవరు?

"అడుగుతున్నది నిన్నే" అన్నాడు కామేశం.

పిడికిట్లో ఆ మట్టి చెవి చెమటకి మెత్తబడుతోంది. ఇంకాసేపుంటే అదీ కరిగిపోతుంది.

కథ కంచికి పోలేదు, మెట్ల మీదే ఆగింది,
మాట నోటికి రాలేదు, గొంతులోనే దాగింది.
కుళాయి కట్టి వచ్చావా? దుప్పటి కప్పి పడుకో,
వనజ నిన్నే చూస్తోంది, ఏమంటోందో వినుకో:
"నువ్వు చెప్పవే అమ్మలూ, నేనిప్పుడు ఏం చెయ్యను?"